రూపసూత్రములు – తెలుగక్షర గణనము

ఒక పదమును వెదకుట వేఱు, పదరూపమును వెదకుట వేఱు. ‘కమల’ యను పదము గ్రంథమున నెచ్చట నున్నదో చూపుట గణకయంత్రమునకు సులభము. మూడక్షరముల పదములన్నియు కావలెనన్నచో ఆ రూపమును సంకేతములతో నిర్దేశింపవలెను. ఇట్టి నిర్దేశమునే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అందురు; ఇచట రూపసూత్రమని వ్యవహరింతును. దీని గణితమును అమెరికా తర్కవేత్త స్టీఫెన్ క్లీని 1956లో ప్రకటించెను. 1968లో కెన్ థాంప్సన్ దానిని పాఠములలో వెదకు ప్రక్రియగా మలచెను.

మూలసంకేతములు కొన్నియే. చుక్క యనగా ఏదైన నొక గుర్తు. [కచటతప] యనగా వానిలో నొకటి, అనగా ఒక పరుషము. మన వ్యాకరణసంజ్ఞల వంటిదే యిది. నక్షత్రము తనకు ముందున్నది ఎన్నిమాఱులైనను రావచ్చుననియు, అసలే రాకపోవచ్చుననియు తెలుపును. ప్రశ్నార్థకము ఒకమాఱు వచ్చినను రాకున్నను సరియే యనును. నిలువుగీత వికల్పార్థకము.

న్యూ టౌన్‌లోని నా గృహమున ఒక పదపట్టికపై మూడు చుక్కల సూత్రమును ప్రయోగించితిని. ‘కమల’ వచ్చినది, ‘సీత’యు వచ్చినది, ‘ఆకలి’ రాలేదు. పరిశీలింపక ఆ ఫలితమును ఒక పరిశోధక విద్యార్థికిచ్చి, పిదప మరల తెప్పించుకొనవలసి వచ్చినది. కారణ మిది: యూనికోడున గుణింతపు గుర్తును, పొల్లును వేఱువేఱుగా లెక్కకు వచ్చును. ‘సీత’ మూడు గుర్తులు, ‘ఆకలి’ నాలుగు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరము; యంత్రమునకు స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అని ఆఱు.

కావున అక్షరమును మనమే నిర్వచింపవలెను. ‘హ’ ఏదైన నొక హల్లు, ‘ప’ పొల్లు, ‘గ’ గుణింతపు గుర్తు, ‘బ’ సున్న లేక విసర్గ, ‘అ’ అచ్చు అనుకొన్నచో సూత్రమిట్లగును:

(హప)*హగ?బ? | అబ?

ఇప్పుడు ‘స్త్రీ’ ఒకటి, ‘సీత’ రెండు, ‘ఆకలి’ మూడు. ‘బస్’ వంటి పొల్లంత పదములకై (హప)? అనునది పదాంతమున మాత్రమే చేర్పవలెను. ప్రత్యక్షరమునకును పొల్లును అనుమతించినచో ‘స్త్రీ’ స్, త్, రీ యని మూడుగా చీలును.

ఇది తెలుగునకే పరిమితము గాదు. యూనికోడున తెలుగు కకారము సంఖ్య 3093, బంగ్లా కకారము 2453. మన పొల్లు 3149, వారి హసంతము 2509. రెండింటను భేదము 640. వర్ణక్రమ మొక్కటియే యగుటచే, హల్లులు మున్నగు వర్గముల సభ్యులను మార్చినచో ఈ సూత్రపు కట్టడి బంగ్లాకును వర్తించును.

ఏ సూత్రమునైనను చేతితో లెక్కించిన పది పదములపై ముందు పరీక్షించి, పిమ్మటనే గ్రంథమునకు ప్రయోగించుట యుక్తము.