యంత్రముల చిరునామాల పట్టిక

రేడియో గల ప్రతి గృహమువారికిని తెలిసిన సంగతి యొకటి కలదు. ముల్లు ఒక స్థానమున నిలిపినపుడు ఒక కేంద్రమే వినబడవలెను. రాత్రివేళ మీడియం వేవుపై దూరదేశపు కేంద్రమొకటి అదే స్థానమునకు వచ్చి చేరినచో రెండు గొంతుకలు పెనగులాడి ఏ మాటయు తెలియకుండ పోవును. కంప్యూటర్ల లోకమునందును ఇదియే ధర్మము. ఒక నెట్‌వర్కునందు ఒక చిరునామాకు ఒక యంత్రమే యుండవలెను. రెండు యంత్రములు ఒకే చిరునామాను చేపట్టిన యెడల రెండింటి పనియు చెడును. ఈ చిరునామాలను ఎవరు పంచుదురు, వందలకొలది యంత్రములకు ఒక్క పట్టికతో ఎట్లు పంచవచ్చును, ఆ పట్టిక విషయమున మన ఉత్తర కోస్తావారు ఏల మిక్కిలి జాగ్రత్త వహింపవలెను అను మూడు విషయములను మేమిచట వివరింపదలచితిమి.

ముందుగా చిరునామా యననేమో చూతము. ఐ.పి. చిరునామా యనగా చుక్కలతో వేరుపరచిన నాలుగు సంఖ్యలు. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. 192.168.10.25 అనునది అట్టి చిరునామా. 192.168 తో మొదలగునవియు, 10 తో మొదలగునవియు లోపలి వాడుకకై ప్రత్యేకింపబడినవి. కావున శ్రీకాకుళమునందలి పాఠశాలయు, విజయనగరమునందలి దుకాణమును తమతమ గోడలలోపల ఒకే సంఖ్యను వాడుకొనవచ్చును. ప్రతి వీధిలోను ఒకటవ నెంబరు ఇల్లు ఉండుటవలన టపావానికి చిక్కు రాదు గదా! ఒకే వీధిలో ఆ నెంబరు రెండిండ్లకు ఉన్నపుడే చిక్కు.

పూర్వము ఈ సంఖ్యలను ప్రతి యంత్రము కడను కూర్చుండి చేతితో వ్రాయవలసివచ్చెడిది. ఆ శ్రమ తగ్గించుటకై 1985లో బూట్‌పి అను పద్ధతి వెలువడినది. దానిని విస్తరించి 1993లో డి.హెచ్.సి.పి. అను పద్ధతిని రూపొందించిరి. 1997 మార్చిలో రాల్ఫ్ డ్రోమ్స్ పేర వెలువడిన పత్రము దానిని స్థిరపరచినది. మన యిండ్లలో ఇంటర్నెట్టు పంచు చిన్న పెట్టెయందును నేడు పనిచేయునది ఈ పద్ధతియే.

దీని నడక నాలుగు మాటల సంభాషణ. క్రొత్తగా వచ్చిన యంత్రము “ఇచట చిరునామా నిచ్చువారెవరైన కలరా?” అని అందరికిని వినబడునట్లు కేకవేయును. సర్వరు “ఇదిగో, ఈ సంఖ్య ఖాళీగా నున్నది” అని చూపును. “అదియే నాకిప్పింపుడు” అని యంత్రము కోరును. “ఇచ్చితిని” అని సర్వరు ముగించును. చిరునామాతోపాటు మరి మూడు సంగతులు కూడ తెలుపబడును: తన వీధి యెంతవరకో తెలుపు మాస్కు, వీధి దాటి పోవలసినపుడు త్రొక్కవలసిన వాకిలి, పేర్లను సంఖ్యలుగా మార్చి చెప్పు సర్వరు జాడ.

ఇచ్చునది శాశ్వతపు పట్టా కాదు, కౌలు. గడువులో సగము గడచుసరికి యంత్రము మరల వచ్చి కౌలును పొడిగింపుమని యడుగును. విండోస్ సర్వరులో సాధారణముగా నుండు గడువు 8 దినములు. అనగా 4వ దినమున యంత్రము మరల పలుకరించును. నేడు సర్వరునందు వాకిలి మార్చితిమి గదా, యంత్రములన్నియు వెంటనే మారవలెనని తలచుట పొరపాటు. మార్పు తలపెట్టినవారు కొలది దినములు ముందుగనే గడువును తగ్గించుకొనుట మేలు.

కొన్ని యంత్రములకు మాత్రము కౌలు చాలదు. ఎల్లపుడును ఒకే సంఖ్య కావలెను. అచ్చుయంత్రము దినమునకొక చిరునామాలో నుండినచో కాగితములు ఎచ్చటికి పంపవలెనో తెలియదు. అందులకు రిజర్వేషను అను ఏర్పాటు కలదు. ప్రతి యంత్రమునకును తయారీదారు వేసిన భౌతిక సంఖ్య యొకటి యుండును. దానినే మాక్ చిరునామా యందురు. అది 12 గుర్తుల పొడవు. అందు అంకెలును ఆంగ్లమున మొదటి ఆరు అక్షరములును వచ్చును. “ఈ భౌతిక సంఖ్య గలది వచ్చినపుడు ఈ చిరునామానే యిమ్ము” అని సర్వరునకు ముందుగా చెప్పియుంచుటయే రిజర్వేషను. ఇటీవలి ఫోనులు తమ అసలు సంఖ్యను దాచి ఒక్కొక్క నెట్‌వర్కునకు ఒక్కొక్క కల్పిత సంఖ్యను చూపుచుండును. కావున ఫోనులకు రిజర్వేషను చేయునపుడు ఆ సంగతి మరువరాదు.

ఇక పట్టిక మాట. విజయనగరమున ఒక కళాశాల యున్నదని యూహింపుడు. 60 చొప్పున మూడు ల్యాబులలో 180 కంప్యూటర్లు, గ్రంథాలయమున 20, కార్యాలయమున 28, అచ్చుయంత్రములు 12, వెరసి 240. కంప్యూటరుపై పరీక్ష జరుగునపుడు ఏ బల్లపై ఏ యంత్రమున్నదో తెలియవలెను గనుక అన్నిటికిని స్థిరమైన చిరునామా కావలెను. ఒక్కొక్క దానిని సర్వరు తెరపై చేతితో నింపుటకు 2 నిమిషములు పట్టినను మొత్తము 8 గంటల పని. అన్ని గంటలు అంకెలు కొట్టిన వ్రేళ్లు తప్పు చేయక మానవు.

అడ్డువరుసలు, నిలువు గడులు గల పట్టికను కంప్యూటరుపై వేయు విద్య 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు తెచ్చిన విసికాల్క్‌తో జనసామాన్యమునకు అందినది. నేటి ఎక్సెల్ ఆ వంశములోనిదే. పట్టికను మిక్కిలి సాదా రూపమున దాచినచో సి.ఎస్.వి. ఫైలగును. అందు ఒక్కొక్క వరుస ఒక యంత్రము. గడికిని గడికిని నడుమ ఒక కామా. ఇట్లుండును:

స్థానము,పేరు,భౌతిక సంఖ్య,చిరునామా
మొదటి ల్యాబు,బల్ల-01,00-15-60-20-41-01,192.168.10.101
మొదటి ల్యాబు,బల్ల-02,00-15-60-20-41-02,192.168.10.102

ఈ ఫైలును సర్వరునకు అందించుటయే దిగుమతి. విండోస్ సర్వరులో పవర్‌షెల్ అను ఆదేశభాషతో ఫైలును చదివించి వరుసకొక రిజర్వేషను చేర్చవచ్చును. కొన్ని కంపెనీల పెట్టెలు సి.ఎస్.వి. ఫైలును తిన్నగా స్వీకరించును. కియా అను సర్వరు తన వివరములను జేసన్ అను వేరొక రూపమున కోరును గనుక, పట్టికను ఆ రూపమునకు మార్చు చిన్న ప్రోగ్రాము నడుమ నుండవలెను. పనిముట్లు వేరైనను పట్టిక యొక్కటియే.

మన శ్రీకాకుళపు సీమలోని పొందూరు ఖద్దరు లోకప్రసిద్ధము. అచటివారు పత్తిని వడకుటకు ముందు వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రపరచుదురు. నూలులో నిలిచిన నలుసు మగ్గముపైకి వచ్చిన పిదప తీయుట కష్టమని వారికి తెలియును. పట్టిక విషయమునను అంతే. సర్వరునకు అందింపకముందే దువ్వవలెను. చూడవలసిన నలుసులను కొన్నిటిని చెప్పెదము.

మొదటిది, ఎక్సెల్ చేయు అతిచొరవ. 001560204101 అని గీతలు లేక వ్రాసినచో అది మొత్తమును సంఖ్యయని తలచి ముందున్న సున్నలను తీసివేయును. అంకెల నడుమ ‘ఇ’ అను ఆంగ్లాక్షరము పడినచో దానిని మహాసంఖ్యగా మార్చివేయగలదు. మన పట్టణములలో ఇంటి నెంబరు 3-12 అని యుండుట వాడుక. స్థానపు గడిలో అట్లు వ్రాసినచో అది తేదీగా మారి కూర్చుండును. కావున అంకెలు నింపకముందే ఆ గడులన్నిటిని అక్షరరూపమునకు మార్చియుంచవలెను.

రెండవది, కామా. “గ్రంథాలయము, రెండవ అంతస్తు” అని ఒక గడిలో వ్రాసినచో ఫైలునకు అది రెండు గడులుగా తోచును. ఆ వరుసలో తరువాతి గడులన్నియు ఒక అడుగు జరిగిపోవును. కామా గల మాటను జంట ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచవలెనని 2005లో వెలువడిన సి.ఎస్.వి. పత్రము చెప్పుచున్నది.

మూడవది, తెలుగు. ఫైలును దాచునపుడు యు.టి.ఎఫ్.-8 అను రూపమును ఎన్నుకొననిచో మన తెలుగు మాటలు ప్రశ్నార్థకముల వరుసగా మారిపోవును. ఆ రూపమున దాచినను ఫైలు మొదట కంటికగపడని గుర్తొకటి చేరుట కలదు. దానివలన కొన్ని సర్వర్లు మొదటి నిలువు గడి పేరును గుర్తింపజాలవు. అంతయు సరిగా నున్నట్లే కనబడుచు మొదటి గడి మాత్రమే తప్పని వచ్చినచో ఈ గుర్తును అనుమానింపవలెను.

నాలుగవది, జంటలు. ఒకే చిరునామా గాని, ఒకే భౌతిక సంఖ్య గాని రెండు వరుసలలో నుండరాదు. పట్టికను ఆ గడి క్రమమున పేర్చి చూచినచో జంటలు ప్రక్కప్రక్కకు వచ్చి తామే పట్టువడును. మరియు, అతిథులకు కౌలుకిచ్చు సంఖ్యలను వేరుగా నుంచవలెను; మన ఊహలోని ల్యాబులో 101 మొదలు 160 వరకు బల్లలకు, 200 మొదలు 240 వరకు అతిథులకు అని విభజింపవచ్చును.

శుభ్రమైన పట్టికనైనను ఒక్కసారిగా దింపరాదు. సర్వరులో ఇప్పుడున్న వివరములకు ముందుగా ప్రతి తీసి దాచవలెను. నెట్‌వర్కులను మొదట, వాటిలోని యంత్రములను తరువాత దింపవలెను. వీధి లేనిదే ఇంటికి నెంబరు వేయలేము గదా! తొలుత రెండు మూడు వరుసలనే దింపి, ఆ యంత్రములను ఆపి మరల నడిపి, సరియైన చిరునామా వచ్చినదో లేదో చూచి, పిమ్మట తక్కినవి దింపవలెను. రెండు ప్రశ్నలకు సమాధానమును ముందే తెలిసికొనవలెను. ఖాళీ గడి యున్నచో సర్వరు పాత వివరమును ఉంచునా, తుడిచివేయునా? నడుమ ఒక వరుస తప్పైనచో అక్కడనే ఆగునా, దానిని విడిచి ముందుకు పోవునా? ఇవి ఒక్కొక్క పనిముట్టునందు ఒక్కొక్క విధముగా నుండును. చేతితో చేసిన తప్పు ఒక బల్లను మాత్రమే చెరచును. పట్టికలో వాకిలి గడి తప్పినచో గది కంతకును బయటి లోకము మూసికొనిపోవును.

ఇంత శ్రమ యేల యని పాఠకులు అడుగవచ్చును. మన తీరము చెప్పు సమాధానమున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము కడ తీరము దాటి విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలను కూడ కుదిపివైచినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరితోటలను నేలకూల్చినది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్టణమునకు చేరువగా తీరమెక్కినది. గాలికిని నీటికిని గురియైన గదిలో సర్వరు నిలువదు. క్రొత్త సర్వరును కొనవచ్చును. కాని ఏ యంత్రమునకు ఏ సంఖ్య యిచ్చితిమో ఆ పాత సర్వరు కడుపులోనే యుండినచో, ఆసుపత్రిలోని అచ్చుయంత్రమును, కార్యాలయపు కంప్యూటరును ఒక్కొక్కటిగా వెదకి మరల వ్రాసికొనవలెను. అపుడు ప్రజలకు వరుసలో నిలుచుటయే మిగులును. పట్టిక సురక్షితముగా నున్నచో క్రొత్త సర్వరును నిలిపినంతనే దానిని దింపవచ్చును. సర్వరుగాక కంప్యూటర్లే పోయినను చిక్కు లేదు. బల్ల అదియే, పేరదియే, చిరునామా అదియే. క్రొత్త యంత్రపు భౌతిక సంఖ్య నొక్కదానినే ఆ గడిలో మార్చి దింపిన చాలును.

కావున పట్టిక ప్రతి సర్వరు ప్రక్కనున్న బీరువాలో ఉండరాదు. శ్రీకాకుళపు ప్రతిని విజయనగరమున ఉంచినను చాలదు. హుద్‌హుద్ వంటి తుపాను రెండింటిని ఒకేసారి తాకగలదు. విజయవాడ, హైదరాబాదు వంటి దూరపట్టణమున ఒక ప్రతియు, కరెంటు లేనపుడు చదువుటకు కాగితముపై అచ్చువేసిన ప్రతి యొకటియు ఉండవలెను. ఈ పట్టిక ఇంటి లోపలి గదుల నన్నిటిని చూపు పటము వంటిది గనుక దానిని తాళము లేని చోట ఉంచరాదు.

తుపానులే కాదు, పరిపాలనపు మార్పులును పట్టికను పరీక్షించును. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము జిల్లా ఏర్పడినపుడు విజయనగరము జిల్లాలోని పార్వతీపురపు భాగమును, శ్రీకాకుళము జిల్లాలోని పాలకొండ భాగమును అందు చేరినవి. ఒక యంత్రము పేరులోనే జిల్లా పేరు ఇమిడ్చి యుండినచో అట్టి దినమున ఆ పేరే అబద్ధమగును. జిల్లాకు వేరుగా ఒక గడి యున్నచో ఆ గడి నొక్కదానినే మార్చిన చాలును. ఒక గడికి ఒకే సంగతి యను నియమము ఇట్టి దినములలో అక్కరకు వచ్చును.

ఈ పని కంప్యూటరు పండితులకు మాత్రమే చెందినదని తలపరాదు. పాఠశాలలోని గుమాస్తాయు, చిన్న ఆసుపత్రి నడుపు వైద్యుడును, నాలుగు కంప్యూటర్లు గల దుకాణదారును ఇట్టి పట్టికను తామే వేసికొనవచ్చును. ఒక యంత్రము చేరినపుడు ఒక వరుస వ్రాయుట, తీసివేసినపుడు ఆ వరుస కొట్టివేయుట, మార్చిన తేదీ వేయుట — ఇంతే కావలసిన క్రమశిక్షణ. మొదట పట్టికను మార్చి, పిమ్మట దానినుండి సర్వరును మార్చు అలవాటు చేసికొనవలెను. సర్వరును తొందరలో మార్చి పట్టికను రేపు చూతమనుకొన్న దినమున అది పాత కాగితమగును. ఆశ్వయుజ కార్తికములలో సముద్రముపై గాలి తిరుగకమునుపే తమ కార్యాలయపు పట్టికను ఒకసారి తీసి, యంత్రములతో సరిచూచుకొని, ఒక ప్రతిని దూరమునకు పంపవలసినదిగా పాఠకులను కోరుచున్నాము.