‘వేడి చేసింది’ అని ఊరుకుంటే...

పన్నునొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ చెబుతాం. కాలు బెణికితే వీధంతా చెబుతాం. పురుషాంగానికి నొప్పి, వాపు వస్తే మాత్రం కట్టుకున్న భార్యకు కూడా చెప్పం. రోగం కన్నా ఆ దాపరికమే ఎక్కువ చేటు చేస్తుంది. ఎందుకంటే కొన్నిసార్లు గడువు రోజుల్లో కాదు, గంటల్లోనే ఉంటుంది.

గోదావరిఖనిలో ఓ సింగరేణి క్వార్టర్ అనుకుందాం. నైట్‌షిఫ్టు దిగి ఇంటికొచ్చిన భర్త కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నాడు.

‘‘ఏమైంది? గట్ల నడుస్తున్నవేంది?’’

‘‘ఏం లేదు. వేడి చేసింది. జరన్ని సబ్జగింజలు నానబెట్టు.’’

అక్కడితో మాట ఆగిపోతుంది. నొప్పి మాత్రం ఆగదు.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎండాకాలంలో రామగుండం 45 డిగ్రీలు దాటి మండిపోతుంది. బాయిలోకి దిగితే ఉక్కపోత, చెమట. నీళ్లు సరిగ్గా తాగకపోతే మూత్రం పచ్చగా, మంటగా వస్తుంది. అలాంటప్పుడు మజ్జిగా, సబ్జా మంచివే. కానీ వేడి వల్ల అంగం వాచిపోదు. వాపు కనిపించిందంటే దాని వెనక మరో కారణం ఉన్నట్టే.

చక్కెర పంపే కబురు

ఎక్కువ మందిలో కనిపించేది ‘బెలనైటిస్’. అంగం చివరిభాగం ఎర్రబడి, వాచి, దురద పెడుతుంది. ముందరి చర్మం కింద తెల్లటి పొర పేరుకుంటుంది. చెమట, తేమ, శుభ్రత లేకపోవడం... ఇవన్నీ ఫంగస్‌కు అనుకూలమే. షిఫ్టు దిగాక బొగ్గు మసి వదలాలని ఘాటైన సబ్బుతో అక్కడా రుద్దేస్తుంటారు కొందరు. డెట్టాల్ పోసుకునేవారూ ఉన్నారు. దాంతో సున్నితమైన చర్మం మరింత రేగుతుంది. మామూలు నీళ్లతో కడిగి, పొడిగా తుడుచుకుంటే చాలు.

ఫంగస్ అయితే డాక్టర్ రాసే క్లోట్రిమజోల్ లాంటి క్రీముతో కొద్దిరోజుల్లోనే తగ్గిపోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం వద్దు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత ఫంగస్ మరింత ముదురుతుంది.

అసలు సంగతి మరొకటుంది. ఇది మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. తనకు మధుమేహం ఉందని కొందరికి మొట్టమొదట తెలిసేది ఇలాగే! ఇప్పటికే షుగర్‌కు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవారిలోనూ ఈ ఫంగస్ రావచ్చు. అవి చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపిస్తాయి మరి. అలాగని సొంతంగా మాత్రలు మానేయకూడదు, డాక్టర్‌కు చెప్పాలి.

చర్మం వెనకే చిక్కుకుంటే...

ముందరి చర్మం బిగుసుకుపోయి వెనక్కి రాకపోవడం ‘ఫైమోసిస్’. చిన్నపిల్లల్లో ఇది సహజం. పెరిగేకొద్దీ చాలామందికి దానంతటదే వదులవుతుంది. స్నానం చేయించేటప్పుడు బలవంతంగా వెనక్కి లాగితే చర్మం చిట్లి, మానాక మరింత బిగుస్తుంది. మూత్రం పోసేటప్పుడు పిల్లాడు ఏడుస్తున్నా, తరచూ అక్కడ వాస్తున్నా అప్పుడు డాక్టర్‌కు చూపించాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ‘పారాఫైమోసిస్’. వెనక్కి లాగిన చర్మం ముందుకు రాకుండా రబ్బరుబ్యాండులా బిగుసుకుంటుంది. చివరిభాగం ఉబ్బిపోతుంది. ఆలస్యమైతే రక్తప్రసరణ ఆగి అక్కడి కణజాలం చచ్చిపోతుంది. మూత్రం గొట్టం వేసిన పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. శుభ్రం చేశాక చర్మాన్ని తిరిగి ముందుకు తేవడం మరిచిపోవడమే కారణం. ఇంట్లో మంచాన పడ్డ తాతయ్యకు సేవ చేసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఆసుపత్రిలో మత్తుమందు రాసి, వాపు నొక్కి తగ్గించి, చర్మాన్ని సరిచేస్తారు. కుదరకపోతే చిన్న కోత పెడతారు. మళ్లీ రాకుండా తర్వాత సున్తీ చేస్తారు.

నాలుగు గంటల లెక్క

కోరిక లేకపోయినా అంగస్తంభన నాలుగు గంటలకు మించి ఉండిపోవడం ‘ప్రయాపిజం’. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. కానీ ఇది నరకం. లోపలికి వెళ్లిన రక్తం బయటికి రాక, ఆక్సిజన్ అందక కండరం దెబ్బతింటుంది. ఒక రోజు దాటితే అంగం మళ్లీ మామూలుగా పనిచేసే అవకాశం బాగా తగ్గిపోతుంది. సమయానికి వెళ్తే సూదితో ఆ రక్తం తీసి, మందు ఎక్కించి సరిచేస్తారు.

దీనికి పెద్ద కారణాల్లో ఒకటి సికిల్‌సెల్ రక్తహీనత. ఈ జబ్బులో ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఆసిఫాబాద్, ఆదిలాబాద్, కొత్తగూడెం వైపు గిరిజన గూడేల్లో ఈ జబ్బు ఉంది. బొగ్గుగనులున్నదీ ఆ అడవుల పక్కనే. దీన్ని 2047 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ బాధ పదేళ్ల పిల్లాడికైనా రావచ్చు. ఆ వయసువాడు అమ్మకు ఏమని చెబుతాడు? సికిల్‌సెల్ ఉన్న పిల్లాడి తల్లిదండ్రులే ముందుగా చెప్పి ఉంచాలి... ‘‘అట్లయితే సిగ్గుపడకు, వెంటనే లేపు’’ అని.

గంటల లెక్కలోకి వచ్చేది ఇంకోటుంది. స్తంభించిన అంగం బలంగా వంగినప్పుడు ‘టప్’మని చప్పుడొచ్చి, వెంటనే మెత్తబడి, వంకాయ రంగులో వాచిపోతుంది. అక్కడ ఎముక లేదు, కానీ లోపలి గట్టి పొర చిరిగింది. ఆపరేషన్‌తో త్వరగా కుట్టేస్తే చాలామంది మామూలైపోతారు. దాచుకుంటే అంగం వంకరగా మిగిలిపోవచ్చు.

దోమా కారణమే!

మూత్రంలో మంట, చీము, పుండ్లు ఉంటే సుఖవ్యాధి కావచ్చు. గనేరియా, సిఫిలిస్ లాంటివి మందులకు లొంగుతాయి. అయితే భార్యాభర్తలిద్దరూ వైద్యం తీసుకోవాలి. ఒక్కరే వాడితే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది.

పాత కరీంనగర్ జిల్లా బోదకాలు ఉన్న ప్రాంతమే. మురుగునీటి దోమ మోసుకొచ్చే ఈ జబ్బులో కాలే కాదు, వృషణాల సంచి, అంగం కూడా వాస్తాయి. కాళ్లతో పాటు అక్కడా నీరు చేరుతుంటే గుండె, కిడ్నీ, కాలేయాన్నీ పరీక్షించాలి. ఇక నొప్పి ఉన్నా లేకపోయినా రెండు మూడు వారాలకు మానని పుండు, గడ్డ కనిపిస్తే క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే.

గోడమీది డాక్టర్లొద్దు

‘రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యం’... బస్టాండు గోడ మీద, లాడ్జి మెట్ల దగ్గర కనిపించే ఈ కాగితాలు బతికేది మన సిగ్గు మీదే. సింగరేణి ఉద్యోగులకు, వారి కుటుంబాలకు గోదావరిఖనిలోనే కంపెనీ ఏరియా ఆసుపత్రి ఉంది. మిగతావారికి ప్రభుత్వాసుపత్రి ఉంది. 2022లో రామగుండానికి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ముందు అక్కడ చూపించుకుంటే అవసరాన్ని బట్టి యూరాలజిస్టు దగ్గరికి పంపిస్తారు.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు

* స్తంభన నాలుగు గంటలైనా తగ్గకపోతే

* చర్మం వెనక్కి వెళ్లి చిక్కుకుపోతే

* దెబ్బ తగిలి నల్లగా కమిలి వాస్తే

* మూత్రం ఆగిపోతే, మూత్రంలో రక్తం వస్తే

* జ్వరంతో పాటు వాపు గబగబా పాకుతూ చర్మం నల్లబడుతుంటే (షుగర్ ఉన్నవారికి ఇది ప్రాణాంతకం)

బండి లేకపోతే 108 ఉండనే ఉంది.

బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును తట్టి చూస్తారు. చప్పుడు తేడాగా ఉంటే ఎవరూ సిగ్గుపడరు, ఎవరూ దాచరు. ‘జరుగుండ్రి’ అని గట్టిగా అరుస్తారు. నలుగురి ప్రాణాలు నిలబడేది ఆ అరుపుతోనే. సొంత ఒంటి విషయంలో అరవక్కర్లేదు... ఇంట్లో ఓ మాట, డాక్టర్‌తో ఓ మాట చెబితే చాలు!