పసిమనసుల గాయములు – లెక్కలకు ఒకే కొలత

హైదరాబాదు పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో ఒకప్పుడు నిజాము ప్రభుత్వపు టంకశాల యుండెడిది. ఆ రాజ్యమున హాలీ సిక్కా చెల్లెడిది. పొలిమేర దాటినచో కల్దారు రూపాయి. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకము. ఈ మారకము కట్టకయే రెండు నాణెములను ఒకే పద్దులో కలిపిన వర్తకుని లెక్క తప్పక చెడెడిది.

నేడు బాలల బాధలను గూర్చిన లెక్కలకును ఇట్టి చిక్కే వచ్చినది. 1990 డిసెంబరులో పాతబస్తీలో మతకలహములు చెలరేగినవి. 2015 జనవరిలో అచ్చటి గాజుల కార్ఖానాల నుండి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లలను విడిపించిరి. వారిలో పెక్కుమంది బీహారు గ్రామములనుండి వచ్చినవారు. కలహములు, వెట్టి, దెబ్బలు, తలిదండ్రుల మరణము – ఇవి పసిమనసులపై చెరగని ముద్ర వేయును. నిద్రలో ఉలికిపాటు, చదువుపై విముఖత, మాట పెగలకపోవుట దాని గుర్తులు. ఎంతమందికి ఎట్టి సాయము కావలెనో తెలియుటకు పరిశోధకులు పిల్లలను ప్రశ్నింతురు. కాని ఒక్కొక్కరిది ఒక్కొక్క కొలత.

ఒక ఉదాహరణము చూడుడు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక నివేదిక ప్రకటించినది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నింపగా, నూటికి 53 మంది ఏదో యొక రూపమున లైంగిక వేధింపునకు గురియైనట్లు చెప్పిరి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 ఏండ్లలోపున లైంగిక హింసకు గురియైతిమని చెప్పిన యువతులు నూటికి ఒకటిన్నర మాత్రమే.

అట్లైన వేధింపులు తగ్గిపోయినవా? అట్లు తలచుట పొరపాటు. మొదటిది బాలురను, బాలికలను కూడ నేరుగా అడిగినది. అసభ్యచిత్రములు చూపుట వంటి పెక్కు చేష్టలను లెక్కించినది. రెండవది 18 నుండి 29 ఏండ్ల స్త్రీలను, వారి యిండ్లలో, గడచిన కాలమును గూర్చి, కొలది ప్రశ్నలతో అడిగినది. ఈ రెండంకెలను తీసివేయరాదు, సగటు కట్టరాదు.

మరి కలుపుట యెట్లు? పరిశోధకులు మొదట రెండు ప్రశ్నపత్రములను పక్కపక్కన పెట్టి, ప్రతి ప్రశ్నను మూడు తరగతులుగా విడదీయుదురు: సరిగా ఒకటే యైనవి, మారకముతో కలుపదగినవి, ఎన్నటికిని కలుపరానివి. ఒకచోట "ఎన్నిసార్లు కొట్టిరి" అనియు, మరొకచోట "కొట్టిరా, లేదా" అనియు నున్నచో, మొదటిదానిని "అవును, కాదు"గా మార్చి కలుపవచ్చును. కాని "ఈ వారములో" అన్నదానిని "పుట్టినది మొదలు" అన్నదానితో కలుపరాదు. పాతబస్తీలో ఉర్దూలో, పల్లెలో తెలుగులో అడిగినప్పుడు మాట యొక్క భావము మారినదేమో కూడ చూడవలెను. మూలపు జవాబును చెరుపక భద్రపరుపవలెను. పేర్లు తొలగింపవలెను.

ముందుగనే ఒకే కొలత పెట్టుకొనుట ఇంతకంటె మేలు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన "యంగ్ లైవ్స్" అధ్యయనము, హైదరాబాదు నగరములోను, శ్రీకాకుళము, అనంతపురము, కరీంనగరు, మహబూబ్‌నగరు మొదలగు జిల్లాలలోను సుమారు 3,000 మంది పిల్లల జీవితములను ఏండ్లతరబడి గమనించినది. అవే ముఖ్యప్రశ్నలను ఇథియోపియా, పెరూ, వియత్నాము దేశములలోను అడిగిరి. అందుచేతనే కరవునకు గురియైన పాలమూరు బిడ్డను ఇథియోపియా బిడ్డతో పోల్చుట సాధ్యమైనది.

పంచాయతీ సభ్యులు చేయదగినదేమి? జననముల నమోదు సరిగా నుండునట్లు చూడవలెను. వయస్సు తప్పినచో లెక్క యంతయు తప్పును. బడి మానిన పిల్లవాడు ఏ యూరికి, ఏ పనికి పోయెనో కనుగొనవలెను. సర్వేవారు వచ్చినప్పుడు పిల్లలతో ఒంటరిగా, నెమ్మదిగా మాటలాడు వీలు కల్పింపవలెను. ఊరిపరువు పోవునని జవాబులు మార్పింపరాదు. ఆపదలోనున్న బిడ్డ కనిపించినచో లెక్కలకై వేచియుండక 1098కు ఫోను చేయవలెను.

తప్పుడు అంకె వలన సాయము ఒక వీధికి చేరి, పక్కవీధికి చేరకపోవును. లెక్కలో లేని బిడ్డకు చేయూత నిచ్చువారుండరు.