ఎండను ఆపుకొనుట, ఎండను వాడుకొనుట

గత వైశాఖమాసంలో మా సీతమ్మధారలోనే ఒక నాలుగంతస్తుల భవనంలో పైవాటాలో కాపురముండే వృద్ధ దంపతులు నా వద్దకు వచ్చారు. ఆమె వయస్సు డెబ్బైకి దగ్గర. నెల రోజులుగా రాత్రి నిద్ర లేదు. అరికాళ్ళు మంటలు, వీపంతా చెమటకాయలు, ఉదయం లేచేసరికి తలతిరుగుడు. నాడి చూచి, పిత్తప్రకోపమని నిర్ణయించి, ధనియాల హిమం, ఉసిరిక చూర్ణం, పాదాలకు నెయ్యి మర్దన చెప్పి పంపాను. పక్షం దినాల తరువాత మళ్ళీ వచ్చారు. “మీరు చెప్పినట్లే చేస్తున్నామండీ, గుణం మాత్రం కనబడలేదు” అన్నది ఆమె. కళ్ళు మరీ లోతుకు పోయి ఉన్నవి. ఆ రోజు రాత్రి పది గంటలకు నేనే వారి ఇంటికి వెళ్ళాను. పీట వేసుకుని ఎక్కి పడకగది పైకప్పుకు అరచేయి ఆనించాను. అప్పుడే దింపిన పెనంలా కాకపోయినా, జ్వరం వచ్చిన వాని నుదురులా ఉన్నది ఆ కప్పు.

చరక సంహితలో స్వేదకర్మను చెప్పేటప్పుడు, నిప్పుతో పనిలేకుండా చెమట పట్టించే పది విధానాలను మహర్షి లెక్కించాడు. వ్యాయామం, బరువైన దుప్పటి, ఆకలి, భయం, క్రోధం మొదలైన వాటితో పాటు ఆతపం, అనగా ఎండ, అందులో ఒకటి. ఉష్ణసదనం, అనగా వేడిగా ఉండే ఇల్లు, మరొకటి. వైద్యుడు రోగి బలాన్ని, ఋతువును చూచి కొంతసేపు మాత్రమే చేయించవలసిన చికిత్స అది. ఈమెకు ఎవరూ చెప్పకుండానే రాత్రింబవళ్ళు ఆ చికిత్స జరుగుతున్నది. ధనియాల నీళ్ళు ఏమి చేయగలవు? ఔషధం అదే ఉంచి, మిద్దెకు వైద్యం మొదలుపెట్టాము.

విషయం అర్థం కావాలంటే మన ఊరి మీద సూర్యుని నడక తెలియాలి. విశాఖపట్నం భూమధ్యరేఖకు ఉత్తరంగా పదిహేడున్నర డిగ్రీలకు కొంచెం పైన ఉన్నది. అందుచేత మే నెల 10వ తేదీ ప్రాంతంలోను, మళ్ళీ ఆగస్టు మొదటి రోజులలోను సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తిన నిలుస్తాడు. నిలబడిన మనిషి నీడ కాళ్ళ కిందనే ఉండిపోతుంది. ఈ రెండింటికీ నడుమ మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అంటే వేసవి ఎండ దక్షిణపు కిటికీలోంచి రాదు. నేరుగా మిద్దె మీద పడుతుంది, సాయంకాలం పడమటి గోడ మీద పడుతుంది. మార్గశిర పుష్యమాసాలలో మాత్రం సూర్యుడు దక్షిణానికి వాలి, దక్షిణపు కిటికీ గుండా గదిలోకి వస్తాడు. ఆ ఎండ మనకు కావలసినదే. కనుక దక్షిణాన చిన్న చూరు చాలును. ఖర్చు పెట్టవలసినది మిద్దెకు, పడమటి గోడకు. చాలామంది ఇల్లు కట్టించేటప్పుడు వీధివైపు అందానికి వేలకు వేలు పోసి, ఈ రెండింటినీ గాలికి వదిలివేస్తారు.

కాంక్రీటు కప్పు పగలంతా వేడిని తాగి, చీకటి పడిన తరువాత మెల్లమెల్లగా గదిలోకి కక్కుతుంది. అందుకనే బయట చల్లని గాలి వీస్తున్నా లోపల ఉడుకుపోదు. కప్పు తెల్లగా ఉంటే ఎండలో అధికభాగం వచ్చిన దారినే తిరిగిపోవును. పూర్వపు మద్రాసు మిద్దెలకు సున్నం, బెల్లం, కరక్కాయ నీరు కలిపి వేసిన పూత పటిష్ఠంగా ఉండి, ఈ పని కూడా చేసేది. ఇప్పుడు అంత శ్రమ అక్కరలేదు. మంచి సున్నాన్ని ముందురోజు నానబెట్టి, గుడ్డతో వడగట్టి, పాలచిక్కన చేసి, పట్టు నిలుచుటకు కొంచెం బంక కలిపి, శుభ్రంగా ఊడ్చి కడిగిన మిద్దె మీద రెండు పూతలు వేయవలెను. ఫాల్గుణమాసం ఇందుకు తగిన కాలం. వానలకు కొంత కొట్టుకుపోతుంది గనుక ఏటేటా వేయక తప్పదు. స్తోమత గలవారు ఎండను తిప్పికొట్టే తెల్లని రంగు గాని, తెల్ల పింగాణి ముక్కలు గాని వేయించుకోవచ్చును. గది వేడిమి రెండు మొదలు నాలుగైదు డిగ్రీల వరకు తగ్గగలదని అంచనా. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇటువంటి చల్లని కప్పుల కోసమే ప్రత్యేకంగా ఒక విధానాన్ని ప్రకటించినది. సున్నం కలిపేటప్పుడు కంటికి, చేతికి తగలకుండా జాగ్రత్త పడవలెను. సున్నం వేసిన మిద్దె మీదికి మధ్యాహ్నం వెళితే కళ్ళు జిగేలుమంటాయి, వృద్ధులు వెళ్ళరాదు.

పడమటి గోడ సంగతి నాకు పుస్తకం చెప్పలేదు, తుపాను చెప్పింది. మా పెరటిలో పడమరగా ఒక పెద్ద వేపచెట్టు ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదుగా తీరం దాటిన రోజున, ఊరిలో లెక్కలేనన్ని చెట్లతో పాటు అదీ కూలింది. మరుసటి వేసవిలో మా పడమటి గది కొలిమి అయింది. ముప్ఫై ఏళ్ళు ఆ గదిలో రోగులను చూచాను గాని, అది చల్లగా ఉండటం గది గుణమనే అనుకున్నాను! తరువాత ఒక వేపమొక్క నాటి, అది ఎదిగే లోపల గోడకు జానెడు దూరంగా వెదురు తడిక కట్టి తిప్పతీగ పాకించాను. తీగకూ గోడకూ మధ్య గాలి ఆడాలి. గోడనే పట్టుకుని పాకితే చెమ్మ చేరుతుంది. వేప మీద పాకిన తిప్పతీగ శ్రేష్ఠమని వైద్యులంటారు గనుక ఇప్పుడా తీగను చెట్టు మీదికి ఎక్కించాను. పైవాటా వారు మిద్దె మీద కుండీలలో ఆనప, బీర, దొండ పాదులు పెట్టి పందిరి వేసుకోవచ్చును. కుండీల కింద నీరు నిలవనీయరాదు. చెమ్మకు కప్పు, దోమలకు మనుషులు చెడతారు.

వట్టివేళ్ళ తడికల మాట తరచుగా అడుగుతారు. వడగాడ్పు వీచే విజయవాడ, కర్నూలు వంటి పొడి ప్రదేశాలలో అవి అమృతప్రాయం. మన గాలిలో సముద్రపు తేమ నిండి ఉంటుంది. చెమటే ఆరని చోట తడిక ఏమి ఆరుతుంది? నీరు ఆవిరి అయితేనే చల్లదనం. పడమటి పొడిగాలి వీచే కొద్ది రోజులలో వాడుకుని, మిగతా కాలంలో ఎదురెదురు కిటికీలు తెరచి, సాయంకాలం సముద్రపు గాలిని ఇంటిలోకి రానిచ్చుటే మేలు.

ఇంతవరకు ఎండను ఆపుట. ఇక వాడుకొనుట.

గురుకులంలో పిల్లలుగా మాకు అప్పగించిన తొలి విద్య శ్లోకం కాదు, ఎండ కాపలా. లోహ ఔషధాలకు భానుపాకం, స్థాలీపాకం, పుటపాకం అని మూడు పాకాలున్నవి. మొదటిది సూర్యునిది. లోహచూర్ణంలో త్రిఫలా కషాయం పోసి ఎండలో ఇంకబెడతారు. మబ్బు పడితే పళ్ళెం లోపలికి, మబ్బు వీడితే బయటికి. ఆదిత్యపాక గుగ్గులు, ఆదిత్యపాక తైలం అని పేరులోనే సూర్యుని పెట్టుకున్న ఔషధాలూ ఉన్నవి. వాటిని ఇంటిలో చేయబూనవద్దు. లోహాలు, పాషాణాలు కలిసే ఔషధాలు శిక్షణ గలవారి చేతిలోనే ఉండవలెను.

ఇంటిలో నిరపాయంగా చేసుకోదగినది గుల్కందు. మందులు చల్లని నాటు గులాబీ రేకులు, వాటికి సమంగా గాని రెట్టింపు గాని కలకండ పొడి, గాజు జాడీలో పొర మీద పొరగా వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, మూడు నాలుగు వారాలు ఎండబెట్టవలెను. రోజూ పొడి గరిటెతో కలపవలెను. వేసవిలో చెంచాడు పాలతో తీసుకుంటే దాహం, మంట, మలబద్ధం తగ్గును. మధుమేహం ఉన్నవారికి పనికిరాదు.

మన ఆడవారికి ఎండ విద్య నేను చెప్పనక్కరలేదు. మాగాయకు ముక్కను పిండి వేరుగా, ఊటను వేరుగా ఎండబెట్టాలని ఏ శాస్త్రవేత్త చెప్పాడు? తేమ పోతే బూజు పుట్టదు, ఉప్పు నిలుస్తుంది, అదే రహస్యం. విజయనగరం జిల్లా భీమాళి వారు మామిడి గుజ్జును చాపల మీద పూత మీద పూతగా ఎండబెట్టి తాండ్ర చేస్తారు. ఒక పూత ఆరందే మరొకటి వేయరు. విశాఖలో రెండు జాగ్రత్తలు మాత్రం అదనంగా కావలెను. ఇది బొగ్గు, ఇనుప ఖనిజం దిగే రేవుపట్టణం, గాలిలో ధూళి ఉన్నది. వడియాలైనా, చల్ల మిరపకాయలైనా పలుచని తెల్ల గుడ్డ కప్పి ఎండబెట్టండి. సాయంకాలం నాలుగు గంటలకల్లా లోపలికి తెచ్చేయండి. ఆలస్యమైతే పగలు పోయిన తేమ ఉప్పుగాలితో తిరిగి వచ్చి చేరుతుంది. కార్తికంలో రైతుబజారుకు ఉసిరికలు దండిగా వచ్చినప్పుడు, ముక్కలు తరిగి ఉప్పు అద్ది పెళుసుగా ఎండబెట్టి దాచుకుంటే, వేసవిలో పైన చెప్పిన చూర్ణానికి బజారుకు పోనక్కరలేదు. రక్తపుపోటు గలవారు ఉప్పు లేకుండానే ఎండబెట్టుకోవలెను.

స్నానానికి ఎండ నీరు మంచిదే. నూరు లీటర్ల నీటిని ఇరవై డిగ్రీలు వేడి చేయుటకు రెండుంబావు యూనిట్లకు పైగా విద్యుత్తు పట్టును. మిద్దె మీద రమారమి రెండు చదరపు మీటర్ల పలక దక్షిణాభిముఖంగా, ఊరి అక్షాంశమంత వాలుతోనో, చలికాలం కొరకు ఇంకొంచెం ఎక్కువ వాలుతోనో నిలిపితే ఆ పని సూర్యుడే చేయును. ఉప్పుగాలికి ఇనుప కాళ్ళు తుప్పు పడతాయి గనుక జింకు పూత గలవి తీసుకోవలెను. బోరు నీరు ఉప్పగా ఉంటే గొట్టాలలో సుద్ద పేరుకుంటుంది, ఏడాదికొకసారి శుభ్రం చేయించవలెను.

అయితే ఒక మాట. మా ఇంట ఈ యంత్రం పెట్టించినప్పుడు, చన్నీళ్ళు కలిసే కుళాయి అమర్చకుండానే వెళ్ళిపోయారు బిగించినవారు. నేనూ అడగలేదు. మూడవ నాడు నాలుగేళ్ళ మా మనుమడు మధ్యాహ్నం పూట కుళాయి తిప్పి చేయి పెట్టాడు. వేసవి మధ్యాహ్నం ఆ నీరు డెబ్బై డిగ్రీలు దాటగలదు. వాడి అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. చేయి బొబ్బలెక్కింది. వెంటనే ఇరవై నిమిషాలు చల్లని కుళాయినీటి ధార కింద ఉంచి ఆసుపత్రికి తీసుకుపోయాము కనుక మచ్చ పడలేదు. కాలినచోట సిరా, పళ్ళపొడి, పసుపు ఏదీ మొదట పెట్టరాదు. మా శాస్త్రం చెప్పే తేనె, నెయ్యి సైతం తరువాతి మాట. కలిపే కుళాయి లేనిదే యంత్రం వాడవద్దు. తలకు మాత్రం వేడినీరు పోసుకోరాదు. మెడ క్రింది భాగానికి బలాన్నిచ్చే వేడినీరే తలకు పోస్తే కన్నులకు, కేశాలకు చేటని వాగ్భటుడు హెచ్చరించాడు.

పెట్టెవంటి సౌరకుక్కరు ఓపిక గలవారికి. లోపల నల్లరంగు, పైన రెండు గాజుపలకలు, మూతకు అద్దం. అన్నం, పప్పు రెండు మూడు గంటలలో ఉడికిపోవును, మాడిపోదు. వేయించుట, పోపు మాత్రం కుదరదు. తిరుమలలో 2000 తరువాతి సంవత్సరాలలో నూటికి పైగా గిన్నెవంటి అద్దాలతో ఎండనుండి ఆవిరి పుట్టించి, రోజుకు వేలమంది భక్తులకు అన్నం వండే ఏర్పాటు చేశారు. విద్యుత్తు కొరకైతే ముడసర్లోవ జలాశయం మీద తేలే సౌరపలకలను 2018లో మన నగరపాలకులు పెట్టారు. ఇంటి మిద్దె మీద పలకలకు 2024లో ప్రకటించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో కేంద్రప్రభుత్వ సహాయం కలదు. ఆ పలకలు కప్పుకు నీడ కూడా ఇచ్చును. పైవాటా వారికి ఇది రెండవ లాభం.

త్రాగునీటికి సూర్యరశ్మి వాడకం హుద్‌హుద్ తరువాతి కరెంటులేని రోజులలో మాకు అక్కరకు వచ్చినది. తేటగా వడగట్టిన నీటిని రెండు లీటర్లకు మించని పారదర్శకమైన సీసాలో నింపి, మంచి ఎండలో ఆరు గంటలు, మబ్బుగా ఉంటే రెండు రోజులు, పడుకోబెట్టి ఉంచితే రోగక్రిములు నశించును. బురదనీటికి, రసాయనాలు కలిసిన నీటికి ఇది పనిచేయదు. శరత్తులో పగలు సూర్యునిచేత, రాత్రి చంద్రునిచేత సంస్కారం పొందిన నీటిని హంసోదకమని పెద్దలు కీర్తించారు. రంగురంగుల సీసాల నీటితో రోగాలు పోవునను పద్ధతి గురించి చాలామంది అడుగుతుంటారు. అది మా సంహితలలో లేదు, ఫలితం నేను చూడలేదు.

ఒంటికి ఎండ ఎంత కావలెను? ఉదయపు లేత ఎండ హాయినిచ్చును, కాని ఎముకలకు కావలసిన ‘డి’ విటమిను పుట్టించే కిరణాలు, మన నీడ మన ఎత్తుకంటె పొట్టిగా ఉన్నప్పుడే తగినంతగా భూమిని చేరును. తొమ్మిది గంటలు దాటిన తరువాత పది, పదిహేను నిమిషాలు చేతులు, కాళ్ళు చూపితే చాలును. కిటికీ గాజు వెనుక కూర్చుంటే ఆ కిరణాలు రావు. గ్రీష్మంలో ఎండను, వ్యాయామాన్ని, ఉప్పు, పులుపు, కారాలను తగ్గించమని ఋతుచర్య. వడదెబ్బ తగిలి ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడినా, స్పృహ తప్పినా తడిగుడ్డలు కప్పి విసురుతూ తక్షణం ఆసుపత్రికి తీసుకుపోవలెను. స్పృహలేనివారి నోట మజ్జిగగాని, ఉల్లిరసంగాని పోయరాదు.

ఆ వృద్ధ దంపతుల మిద్దెకు వారి అబ్బాయి రెండు పూతలు సున్నం వేయించాడు, పడమటి కిటికీకి వెదురు తెర కట్టించాడు. జ్యేష్ఠమాసం మధ్యలో ఆమె మళ్ళీ వచ్చింది. చెమటకాయలు మాడిపోయి, రాత్రి నాలుగైదు గంటలు నిద్ర పడుతున్నదట. ధనియాల హిమం ఇంకా మానలేదు. “అది మానేస్తే సున్నానికే పేరు పోతుందండీ” అన్నది.