మన కారుకి వయసెంత?

2003 అక్టోబరులో మేము మొదటిసారి కొత్త కారు కొన్నాం. అంతకు ముందు నడిపినవి రెండూ పాతవే. గుడికి తీసుకువెళ్ళి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి వచ్చాం. కాఫీ తాగుతూ కాగితాలు చూస్తున్న మా ఆవిడ ఉన్నట్టుండి, "ఏమండీ, ఇందులో 2004 అని రాసి ఉందేమిటి? ఇంకా దీపావళి కూడా రాలేదు కదా!" అంది. వెళ్ళి డ్రైవరు తలుపు తీసి చూశాను. అక్కడి స్టిక్కర్ మీద 08/03 అని ఉంది. అంటే ఆగస్టులో పుట్టిన కారుకి వచ్చే ఏటి పేరు పెట్టారన్న మాట. ఆ రాత్రి ఫోన్లో మా నాన్నగారు "ఏ సంవత్సరం బండిరా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఇండియాలో ఆర్.సి. మీద బండి తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి. అక్కడ ఆ ప్రశ్నకి జవాబు ఒకటే. ఇక్కడ రెండు.

మోసమేమీ లేదు. అమెరికాలో "మోడల్ ఇయర్" అనేది కారుకి పెట్టే పేరే తప్ప పుట్టిన తేదీ కాదు. అలాగని ఆ పేరు ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవడానికీ లేదు. ఇ.పి.ఎ. అనే పర్యావరణ రక్షణ సంస్థ పొగ పరీక్షల సర్టిఫికెట్లు మోడల్ ఇయర్ ప్రకారమే ఇస్తుంది, కాబట్టి దానికో నిబంధన ఉంది. ఒక మోడల్ తయారీ కాలంలో జనవరి 1 ఒక్కసారే రావాలి. అది ఆ పేరు గల సంవత్సరపు జనవరి 1 అయి ఉండాలి. లెక్క వేసి చూడండి: 2026 మోడల్ కారుని 2025 జనవరి 2 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎప్పుడైనా తయారు చేయవచ్చు. ఒకే పేరున్న రెండు కార్ల మధ్య దాదాపు రెండేళ్ళ తేడా ఉండొచ్చన్న మాట! మన వాళ్ళకి ప్రాణమైన టొయోటా క్యామ్రీ 2025 మోడల్ 2024 వసంతంలోనే షోరూములకి వచ్చేసింది.

అసలు ఏటేటా కొత్త మోడల్ ఎందుకు? హెన్రీ ఫోర్డ్ తన మోడల్ టి కారుని 1908 నుంచి 1927 దాకా పెద్దగా మార్చకుండా కోటిన్నరకి పైగా అమ్మాడు. జనరల్ మోటార్స్ అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ స్లోన్ ఇంకో దారి పట్టాడు. ఏటా రూపు కాస్త మారిస్తే, పక్కింటి వాళ్ళ కారు చూసి మనది పాతదైపోయిందని మనకే అనిపిస్తుందని ఆయన లెక్క. 1927లో హార్లీ ఎర్ల్ అనే డిజైనర్ని ఆ పని మీదే పెట్టుకున్నాడు. (మన ఆడవాళ్ళ చీరల బోర్డర్లు ఏటా మార్చే వాళ్ళకి ఈ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు.) మొదట్లో కొత్త మోడళ్ళు జనవరిలో జరిగే న్యూయార్క్ ఆటో షోకి వచ్చేవి. కార్ఖానాల్లో పని ఏడాది పొడవునా సమంగా ఉండాలని, రూజ్‌వెల్ట్ ప్రభుత్వ కాలంలో, 1935లో ఆ ఆవిష్కరణని శరదృతువుకి జరిపారు. మా కారు 2004 పేరుతో అక్టోబరులోనే ఇంటికి రావడం వెనక అంత కథ ఉంది.

పిల్లలూ, మీకో ప్రశ్న. 1983 మోడల్ షెవర్లే కార్వెట్ ఎంతమంది కొన్నారు? ఒక్కరూ లేరు. కొత్త కార్వెట్ ఆలస్యమై 1983 మార్చిలో వచ్చింది, దానికి నేరుగా 1984 అని పేరు పెట్టేశారు. పరీక్షల కోసం కట్టిన 1983 కార్లలో ఒకే ఒక్కటి మిగిలింది. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో ఉన్న కార్వెట్ మ్యూజియంలో చూడవచ్చు.

ఇదంతా సరదాగానే ఉంటుంది, డబ్బు దగ్గరికి వచ్చేదాకా. 2012 జనవరిలో పిల్లల కోసం మినీవాన్ కొన్నాను. సరికొత్తది, పన్నెండు మైళ్ళు తిరిగింది. కానీ మోడల్ 2011. అమ్మినతను "కొత్తదే సార్, పేరు మాత్రం నిన్నటిది" అని 1,800 డాలర్లు తగ్గించాడు. లాటరీ తగిలినట్టు సంబరపడ్డాను. మరుసటి ఏడు ఫ్రీవే మీద వెనక నుంచి ఎవరో గుద్దారు. దేవుడి దయ వల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ బండి పనికి రాకుండా పోయింది. బీమా వాళ్ళు 2011 బండిగా విలువ కట్టారు. నేను కొన్నది 2012లో కదా అని ఎంత వాదించినా లాభం లేకపోయింది. వాళ్ళిచ్చిన డబ్బు పోగా బ్యాంకు అప్పు ఇంకా 2,600 డాలర్లు మిగిలింది. ఇక లేని బండికి వాయిదాలు కట్టాను.

కాబట్టి ఏడాది చివర్లో మిగిలిపోయిన మోడల్ కొనకూడదంటానా? అనను. పదేళ్ళు వాడే వాళ్ళకి అది మంచి బేరమే. రెండు మూడేళ్ళకి ఇండియా వెళ్ళిపోదామనో, మార్చేద్దామనో ఉన్నవాళ్ళు మాత్రం, ఇచ్చే తగ్గింపు ఒక ఏడాది విలువ కన్నా ఎక్కువుంటేనే ఒప్పుకోండి.

పాత కారు కొనేటప్పుడు ఇంకో సంగతి. పేరులో ఒక్క ఏడాది తేడాయే కదా అనుకోవద్దు. 2017 క్యామ్రీ, 2018 క్యామ్రీ రెండూ వేర్వేరు తరాల కార్లు. అదే 2018, 2019 అయితే చాలా వరకు ఒకటే. కొన్ని చట్టాలు మోడల్ పేరు చూడవు, తయారైన తేదీ చూస్తాయి. వెనక కెమెరా ఉండి తీరాలన్న నిబంధన 2018 మే 1 నుంచి తయారైన కార్లన్నిటికీ వర్తిస్తుంది. అంటే 2018 పేరున్న కార్లలోనే కెమెరా ఉన్నవీ లేనివీ దొరకొచ్చు. ఇంట్లో పసిపిల్లలుంటే ఆ స్టిక్కర్ తప్పక చూడండి.

మోడల్ ఇయర్ కోసం కాగితాలు వెతకక్కర్లేదు. డ్రైవరు వైపు అద్దం కింద కనిపించే పదిహేడు స్థానాల విన్ నంబరులో పదోది చూడండి. 2001 నుంచి 2009 దాకా అంకెలు 1 నుంచి 9. 2010కి ఎ, 2011కి బి. ఐ, ఓ, క్యూ, యు, జెడ్ వాడరు. ఆ లెక్కన 2026కి టి. మన ప్రభవ, విభవ అరవై ఏళ్ళకొకసారి తిరిగొచ్చినట్టు ఈ గుర్తులు ముప్ఫై ఏళ్ళకి తిరిగొస్తాయి. మా పెదనాన్నగారు ప్రభవలో పుట్టానంటే 1927దా, 1987దా అని ఎవరూ అడగరు, ముఖం చూస్తే తెలుస్తుంది. కార్లకి ఆ సౌకర్యం లేదు కనుక ఏడో స్థానం కూడా చూడాలి. కార్లు, మినీవాన్లలో అక్కడ అంకె ఉంటే 2009 దాకా వచ్చినది, అక్షరం ఉంటే 2010 నుంచి వచ్చినది.

మొన్న వేసవి పిక్నిక్‌లో పిల్లలకి ఇది చెప్పి పార్కింగ్ లాట్‌లో అన్నిటికన్నా పాత బండిని పట్టుకోమన్నాను. ఇరవై నిమిషాల్లో కనిపెట్టేశారు. పదో స్థానంలో వై, అంటే 2000 మోడల్. తీరా చూస్తే మన పులిహోర, పెరుగన్నం ట్రేలన్నీ వచ్చింది ఆ వ్యాన్‌లోనే.