ప్లాన్‌లో లేని గది

అపార్ట్‌మెంట్లు అమ్మే ఏ బిల్డర్ బ్రోచరైనా తీసి చూడండి. హాలు ఎన్ని అడుగులు, బెడ్‌రూములు ఎన్ని అడుగులు, పూజ గది ఎన్ని అడుగులు, అంగుళాలతో సహా రాసి ఉంటది. ఈశాన్యంలో సంపు, ఆగ్నేయంలో వంటగది, కింద కారుకింత జాగ, స్కూటర్‌కింత జాగ. ఇంత గీసిన ఆ ప్లాన్‌లో చెత్తకు మాత్రం గది ఉండదు. ఇంటికి నలుగురి చొప్పున యాభై ఇళ్లున్న బిల్డింగును తీసుకుందాం. పెద్ద నగరాల్లో మనిషికి రోజుకు అరకిలో లెక్క వేసినా వంద కిలోల చెత్త పుడుతుంది. ఆ వంద కిలోలు ఎక్కడికి పోవాలని ఇంజనీరు అనుకున్నట్టు?

ఎవరో వచ్చి తీసుకుపోతారని అనుకున్నాడు. ఆ 'ఎవరో' ఎవరన్నది ఈ దేశంలో ప్లాన్ గీసేవాడికి విడిగా చెప్పాల్సిన పని లేదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం మంచి అలవాట్ల సంగతి అని గోడల మీద రాస్తున్నారు, బళ్లల్లో పిల్లలకు చెప్తున్నారు. మేమైతే దాన్ని ముందుగా కట్టడం సంగతిగా చూస్తున్నాం. వేరు చేసే జాగ ఇంట్లో లేకపోతే ఆ వేరు చేయడం ఇంకెవరి చేతుల మీదనో పడుతుంది. ఆ చేతులకు కులం ఉంది.

పాత ఇళ్ల వెనక సందుల్ని గుర్తు చేసుకోండి. పెరటి గోడకు ఆనుకుని పొడి మరుగుదొడ్డి. దానికి సందు వైపు కింద చిన్న తలుపో, రేకు మూత పెట్టిన కంతో. పని చేసే మనిషి ఇంట్లోకి రాకూడదు, ఇంటివాళ్ల కంట పడకూడదు. సందులోంచే వచ్చి, కంతలోంచి మలం గంపలోకి ఎత్తుకుని సందులోంచే పోవాలె. మేస్త్రి ఆ కంతను ఊరికే పెట్టలేదు. రెల్లి, మెహతర్ మనుషుల చేతులు పట్టేలా కొలిచి పెట్టాడు. 1993లో పార్లమెంటు చేసిన చట్టం పేరులోనే అందుకని రెండు నిషేధాలున్నయి: మనుషుల్ని పాకీ పనిలో పెట్టుకోవడం ఒకటి, పొడి మరుగుదొడ్డి కట్టడం రెండోది. కట్టడం నిలబడి ఉన్నంతకాలం ఆ పని ఉంటదని చట్టం చేసినవాళ్లే ఒప్పుకున్నారన్నమాట. మన రాష్ట్రానికి ఆ చట్టం 1997 జనవరి 26 నుంచి వర్తించింది. వర్తించినా 2000 తర్వాత కూడా సఫాయి కర్మచారీ ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి ఆ దొడ్లను తమ చేతులతో కూలగొట్టవలసి వచ్చింది. 2003లో సుప్రీంకోర్టు గడప ఎక్కితే తీర్పు 2014 మార్చిలో వచ్చింది.

అపార్ట్‌మెంటుకు వెనక సందు లేదు. కానీ సందు చేసే పని చేయడానికి ఇంకోటి ఉంది. హైదరాబాద్‌లో స్టిల్ట్ మీద ఐదంతస్తులు లేపిన మామూలు బిల్డింగుల్లో మేము కొన్నాళ్లుగా తిరుగుతున్నాం. అన్నింట్లోనూ దాదాపు ఒకటే కథ. పొద్దున ఏడింటికి తలుపు బయట నల్ల పాలిథిన్ సంచి. అందులో అన్నం, కూర, పెరుగు ప్యాకెట్, పిల్లల డైపరు, వాడిన ప్యాడు, పగిలిన గ్లాసు, బ్లేడు, ఇన్సులిన్ సూది. అన్నీ ఒకే సంచి, ఒకే ముడి. వాచ్‌మన్ భార్య ఐదో అంతస్తు నుంచి మొదలుపెట్టి ఒక్కో సంచీ పట్టుకుని దిగుతుంది. లిఫ్టులో దింపితే వాసనొస్తదని ఊరుకోరు. వాచ్‌మన్ కుటుంబం చెత్త ముట్టమంటే అందుకోసం నెలకు ఇంతని ఇంకో ఆమెను మాట్లాడుతారు. ఆమె మాదిగో మాలో అయి ఉంటుంది. వాచ్‌మన్ గది మెట్ల కింద. పక్కన మోటారు, ఆ పక్కన డబ్బాలు. అంటే ప్లాన్‌లో చెత్తకు గది లేదన్న మా మాటను కొంచెం సవరించుకోవాలి. ఆ మనుషులు నిద్రపోయే గది గడపే చెత్త గది.

ఇక డక్టు సంగతి. బాత్‌రూములకు గాలి రావడానికి బిల్డింగు మధ్యలో పైనుంచి కిందదాకా వదిలే ఖాళీ అది. కిటికీలోంచి దాంట్లోకి ఏది వేసినా ఎవరు వేశారో తెలియదు. అడుగున ఏం పేరుకుందో తీసేవాళ్లకే తెలుస్తది. ఒక బిల్డింగులో డక్టు అడుగుకు పోవడానికి తలుపే పెట్టలేదు. పాలమూరు నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్‌ను ఎట్ల తీస్తవన్నా అని అడిగితే, "మొదటంతస్తు బాత్‌రూం కిటికీల నుంచి తాడు కట్టుకొని దిగుత సార్, ఎక్కేటప్పుడే కష్టం" అన్నడు. ఆ పక్కనే నిలబడి వింటున్న అసోసియేషన్ పెద్దమనిషికి ఈ సంగతి అప్పుడే తెలిసిందట.

చట్టాలు లేక కాదు ఇదంతా. 2000లో మునిసిపల్ చెత్త నిబంధనలు వచ్చినయి. 2016లో వచ్చినవి ఇంకా ముందుకు పోయి ఇంటి దగ్గరే మూడు రకాలుగా వేరు చేయాలన్నాయి. ప్యాడ్లు, డైపర్లు విడిగా చుట్టి ఇవ్వాలన్నాయి. 200 ఇళ్లు దాటిన, లేదా 5,000 చదరపు మీటర్లు దాటిన సముదాయాలకు వేరు చేసే చోటు, నిలవ చోటు, ఎరువు చేసే చోటు అభివృద్ధి ప్రణాళికలోనే గుర్తించాలన్నాయి. మంచిదే. కానీ మన బస్తీల పక్కన, కాలనీల్లో లేచే ఇరవై ఇళ్ల, యాభై ఇళ్ల బిల్డింగులు ఆ లెక్కలోకి రాలేదు. 2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా పంచారు. చాలా ఇళ్లల్లో అవి బియ్యానికో, ఉల్లిగడ్డలకో, బకెట్లుగానో పనికొచ్చినయి. జనాన్ని తిట్టి లాభం లేదు. సింకు కింద ఒక్క డబ్బా పట్టే జాగలో రెండు ఎట్ల పడతయి? పట్టినా కింద చెత్త బండిలో రెండూ కలిసిపోతుంటే పైన వేరు చేసేదెవరు? బెంగళూరులో కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబర్‌లో రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతి పెట్టమంది. తడికి ఆకుపచ్చ, పారేయాల్సిన వాటికి ఎరుపు, పొడికి సంచి. ఆ మూడో దాన్ని విడదీయడమే అందులో మాకు నచ్చింది. చెత్త ఏరే మనిషి చెయ్యి తెగేదీ, రోగం అంటేదీ అక్కడే.

ఇల్లు ఎట్ల కట్టాలె మరి? వంటగది నుంచే మొదలుపెడదాం. సింకు పక్కన, గట్టు కింద, రెండడుగుల వెడల్పు అర ఒకటి చెత్త కోసమే వదలాలి. తడి చెత్త డబ్బాలో చిల్లుల బుట్ట ఉండాలి. నీళ్లు కిందికి దిగిపోతే సగం వాసన, సగం బరువు అక్కడే పోతది. కింద పాలిథిన్ కాకుండా పాత పేపరు. పొడి చెత్త రోజూ దించాల్సిన పనే లేదు. పాల ప్యాకెట్లు కడిగి ఆరేస్తే వాష్ ఏరియాలో తగిలించిన సంచిలో వారం ఉంటది. బాత్‌రూములో మూత ఉన్న చిన్న డబ్బా. అందులో వేసే ప్యాడు పేపరులో చుట్టి దాని మీద ఎర్ర చుక్క పెట్టాలని పుణె చెత్త కార్మికులు అడిగారు. లోపల ఏముందో విప్పి చూడకుండానే తెలియాలని. బ్లేళ్లు, సూదులు గట్టి డబ్బాలో. ఇందులో ఖర్చు దాదాపు లేదు. గీసేటప్పుడు గుర్తుండాలె, అంతే.

పెద్ద బిల్డింగుల్లో ప్రతి అంతస్తులో గొట్టం పెట్టి అందులోంచి చెత్త కిందికి వదలడం గొప్ప సౌకర్యమని అమ్ముతున్నారు. మేము దానికి వ్యతిరేకం. ఒకే గొట్టమైతే పైన వేరు చేసిందంతా కింద కలిసిపోతుంది. సీసా పన్నెండో అంతస్తు నుంచి పడితే పెంకులు అన్నంలో కలుస్తయి. మధ్యలో ఇరుక్కుంటే కర్ర పట్టుకుని పొడిచేది ఎవరు? ఆ గొట్టం నిలువుగా లేపిన వెనక సందు.

దానికి బదులు ఎవరి చెత్త వాళ్లు పట్టుకుని దిగేలా కట్టాలి. చెత్త గది లిఫ్టుకూ పార్కింగుకూ మధ్య దారిలో ఉంటే ఆఫీసుకు పోతూ వేసి పోవచ్చు. ఈ మాట అనగానే ఒక బిల్డింగులో మీటింగు ఆగిపోయింది. "మేం మోసుకుని దిగాల్నా?" అని. అడిగిన పెద్దాయన కొడుకు అమెరికాలో ఉంటడు. అక్కడికి పోయి ఆరు నెలలున్నప్పుడు ఆయనే సంచి పట్టుకుపోయి డంప్‌స్టర్‌లో వేసొచ్చేవాడట. ఆ సంగతి ఆయన భార్యే చెప్పింది, నవ్వుకుంటూ. అదే మనిషి, అవే చేతులు. కులం పనుల్ని పంచి ఊరుకోదు, పని చేసే మనుషుల్నే విడగొడుతుందని అంబేడ్కర్ 1936లో వివరించింది మాకు ఆ మీటింగులో మళ్లీ అర్థమైంది.

ఎరువు లెక్కకొద్దాం, ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. వంద కిలోల్లో సగానికి పైగా తడి చెత్తే. అరవై కిలోలనుకోండి. ఇది దాదాపు 120 లీటర్ల జాగ తింటది. దానికి ఎండుటాకులో, కొబ్బరి పీచు పొడో, రంపపు పొట్టో కలపాలి. వంటింటి చెత్తలో నత్రజని, నీరు ఎక్కువ. ఎండుటాకులో కర్బనం ఎక్కువ. కర్బనం ముప్పై పాళ్లకు నత్రజని ఒక పాలు ఉంటే సూక్ష్మజీవులు బాగా పని చేస్తయి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది, వాసన రాదు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని, గాలి ఆడటం లేదని అర్థం. కుళ్లుతూ కుప్ప కుంగిపోతది గనక ఘనమీటరు గది ఒకటి నిండటానికి వారం పైన పడుతుంది. ఎరువు కావడానికి ఆరు వారాలు. అంటే గాలి ఆడే ఇటుక గోడల గదులు ఆరు చాలు. ఎండుటాకుల నిలవ, జల్లెడ పట్టే చోటు, నడిచే దారి కలుపుకున్నా ఒక కారు, మహా అయితే రెండు కార్లు నిలిపే జాగ. పార్కింగు లక్షలకు అమ్ముడుపోతున్నప్పుడు ఆ రెండు కార్ల జాగను బిల్డర్ ఊరికే వదలడు. ప్లాన్ పర్మిషన్ ఇచ్చేవాళ్లు వదిలించాలి.

సెల్లార్‌లో మాత్రం పెట్టకూడదు. గాలి, వెలుతురు లేనిచోట ఎరువు చెడిపోతది, మనిషి ఊపిరి అంతకంటే ముందు చెడిపోతది. నేల మట్టానికి, రెండు వైపులా గాలి తగిలేలా, పైన రేకో స్లాబో వేసి, నేల కాలువ వైపు వాలుగా ఉంచాలి. చక్రాల డబ్బా పోయేంత తలుపు, మెట్టు లేని దారి. పొడి చెత్త చూసుకోవడానికి నడుము ఎత్తు బల్ల. ఇప్పుడు ఆడవాళ్లు నేల మీద గొంతుక్కూర్చుని గంటలు గంటలు ఏరుతున్నారు. గదిలో లైటు, కుళాయి, సబ్బు, చేతికి తొడుగులు. పక్కన వాళ్లు వాడుకోను ఒక మరుగుదొడ్డి. పని చేసేవాళ్లకు మరుగుదొడ్డి లేకుండా మరుగుదొడ్లున్న వంద బాత్‌రూములు కట్టడం మనకు వింతగా కూడా తోచడం లేదు.

ఒక ప్రమాదం చెప్పకపోతే మా మాట సగమే అవుతుంది. పొడి చెత్త అంటే డబ్బులు. అట్ట, పేపరు, సీసాలు, ప్లాస్టిక్ కబాడీకి వేస్తే వచ్చేదాంతో చాలామంది ఆడవాళ్లు ఇల్లు నడుపుకుంటున్నారు. చెత్త గది వచ్చిన చోట దానికి తాళం కూడా వచ్చింది. మేము చూసిన ఒక సముదాయంలో చక్కగా వేరు చేస్తున్నారు, అభినందన పత్రం కూడా గోడకు తగిలించారు. కానీ అట్టలు అమ్మిన డబ్బు అసోసియేషన్ ఖాతాలో పడుతోంది. ఇన్నాళ్లూ ఏరుకున్నామెకు జీతం పెరగలేదు, పక్క రాబడి పోయింది. చెత్త మురికిగా ఉన్నంతకాలం ఆమెది. శుభ్రమై విలువ రాగానే వాళ్లదయింది. గదిని ఎవరు ఊడవాలన్నది రాసుకున్నారు, గది తాళం చెవి ఎవరి దగ్గరుండాలన్నది రాసుకోలేదు. పుణెలో 1993లో చెత్త ఏరేవాళ్లు సంఘం పెట్టుకున్నారు, ఎక్కువమంది దళిత ఆడవాళ్లే. 2008 నాటికి స్వచ్ఛ్ అనే సహకార సంస్థగా కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త తీసుకోవడం మొదలుపెట్టారు. ఇంటివాళ్లు నెలనెలా రుసుము ఇస్తారు, పొడి చెత్త అమ్మిన డబ్బు కార్మికులదే. అక్కడా గొడవలున్నయి, ఒప్పందం పొడిగింపు కోసం పోరాడుతూనే ఉండాల్సి వస్తోంది. అయినా డబ్బు ఎటు పోవాలన్నది మాట్లాడుకోకుండా గది కట్టడం పనికి రాదని మేము అంటున్నది వాళ్లను చూసే.

ఎరువు మిషన్ కొంటే అన్నీ సర్దుకుంటయని చెప్పేవాళ్లున్నారు. మిషన్‌లోకి చెత్త ఎత్తి పోసేది చెయ్యే. అందులో ప్లాస్టిక్ ఇరుక్కుంటే తీసేదీ చెయ్యే. ఆ పనికి పేరు ఆపరేటర్ అని పెట్టి జీతం స్వీపర్‌ది ఇస్తే ఏం మారింది? పేరుతో పాటు జీతం, సెలవు, ఈఎస్‌ఐ రావాలి. ఏ కులపు మనిషైనా దరఖాస్తు పెట్టుకునే ఉద్యోగంగా మారితే అప్పుడు మారిందని ఒప్పుకుంటాం.

ఇప్పటికే కట్టేసిన బిల్డింగుల్లో గోడలు జరపలేం. అయినా రెండు స్కూటర్ల జాగ తీసుకుని గదుల బదులు ఐదారు డ్రమ్ములు పెట్టుకోవచ్చు. పూర్తిగా కాకున్నా కొంత తడి చెత్త అక్కడే ఆగుతది. డక్టు అడుగుకు తలుపు కొట్టించొచ్చు, కిటికీలకు జాలీ వేయించొచ్చు. నల్ల సంచి తలుపు బయట పెట్టడం మానుకోవడానికి ఏ ఇంజనీరూ అక్కర్లేదు.

తాడు కట్టుకుని దిగే వాచ్‌మన్ ఇంట్లో ఆమెను కూడా అడిగాం, ఈ బిల్డింగు మళ్లీ కడితే నీకేం కావాలె అని. ఎరువు సంగతి, రంగు డబ్బాల సంగతి ఆమె ఎత్తలేదు. "చెత్త డబ్బాలు మా తలుపుకాడికెళ్లి జరపమనండ్రి సారూ. ఇగ ఒక నల్లా. ఇప్పుడైతే మోటారు కాడ పైపు పట్టుకొని చేతులు కడుక్కుంటున్న, అది కూడా నీళ్లు ఖరాబ్ చేస్తున్నవని అంటున్నరు."