బోగస్... ఇంతకీ ఎవరు?

రేషన్ డిపో ముందు నిలబడ్డ ముసలమ్మకు ఇంగ్లిషు ఒక్క ముక్క రాకపోవచ్చు. 'బోగస్' అంటే ఏమిటో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బోగస్ కార్డు, బోగస్ ఓటు, బోగస్ పట్టా, బోగస్ సర్టిఫికెట్... ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఏ ఊళ్లో అన్నా ఇట్టే అర్థమైపోయే మాట.

పుట్టింది మాత్రం అమెరికాలో. 1827లో ఒహాయో రాష్ట్రంలోని పెయిన్స్‌విల్ అనే ఊరి పత్రికలో ఈ మాట కనిపించింది. అప్పుడు దాని అర్థం దొంగ నాణేలు తయారుచేసే యంత్రం. తర్వాత ఆ నాణేనికీ అదే పేరొచ్చింది. ఆ పైన నకిలీది ఏదైనా బోగసే!

మనకు మాటల్లేక దీన్ని అరువు తెచ్చుకోలేదు. 'దొంగ' ఉండనే ఉంది. దొంగ నోటు, దొంగ సంతకం, దొంగ సాక్ష్యం, దొంగ లెక్కలు, ఆఖరికి దొంగ నిద్ర కూడా. తిట్టేది వస్తువునే అయినా ఆ మాట వెనక ఒక మనిషి నిలబడి ఉంటాడు. బోగస్ అనగానే ఆ మనిషి కాస్తా మాయమైపోతాడు.

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలోనే తొలిసారి ప్రదర్శించారు. అందులో గిరీశానికి ఇంగ్లిషే పెట్టుబడి. అయితే నాటకంలో అసలు టోకరా అతనిది కాదు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురిగా అంటగడతాడు. మేనకోడలిని ఆ ముసలాయన నుంచి తప్పించడానికే అనుకోండి. ఇప్పుడైతే పేపర్లో 'బోగస్ పెళ్లికూతురు' అని హెడ్డింగు పడేది. అందరి కళ్లూ వేషం కట్టిన కుర్రాడి మీదే ఉండేవి. కట్టించిన శాస్త్రి హాయిగా పక్కకు తప్పుకునేవాడు.

కోర్టులో ఈ పప్పులుడకవు. చీటింగ్ కేసుకు ఇన్నాళ్లూ 420 సెక్షను ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318 వచ్చింది. నంబరు మారినా అసలు ప్రశ్న మారలేదు. ఒకరికి అక్రమ లాభమో, మరొకరికి అక్రమ నష్టమో కలిగించాలన్న ఉద్దేశం ఉంటేనే చట్టం దాన్ని నిజాయితీ లేని పని అంటుంది. ఉద్దేశం కాగితానికి ఉండదు కదా! మనిషిని చూపించాల్సిందే.

జాబితాల దగ్గర అంత ఓపిక ఎవరికుంటుంది? ఈ జిల్లాల నుంచి హైదరాబాద్‌లో కట్టుబడి పనులకు వెళ్లేవాళ్లున్నారు, గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు పోయే మత్స్యకారులున్నారు. సర్వే చేసే మనిషి వచ్చిన రోజున తలుపుకు తాళం ఉంటే చాలు, కార్డుకు బోగస్ అనే పేరు పడిపోవచ్చు. నిజంగా లేని మనుషుల పేర్లతో బియ్యం మింగినవాడికీ, పొట్టకూటికి ఊరు దాటినవాడికీ ఒకటే ముద్ర.

నెలల తర్వాత తిరిగొచ్చినవాడు ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి, "నాను దొంగనేటి బాబూ?" అని అడిగితే ఏం చెబుతారు? నిజమే, అతన్ని దొంగ అని ఎవరూ అనలేదు. కార్డు బోగస్ అన్నారు, అంతే.